సుంకన్న గూడు వెనక్కొచ్చిన రోజు

ఎర్రకొండ అడవిలో సంతంటే ఒక బండ. వాగు ఒడ్డున నిలువుగా లేచిన నల్లటి బండ. అక్కడ సరుకులు కనిపించవు, బేరాలు వినిపించవు. బండ నిండా టేకాకులే. ఎవరి దగ్గర ఏముందో ఆకుమీద గీయించి తుమ్మజిగురుతో అంటిస్తే చాలు, చిలకలు దాన్ని చదువుకుని అడవంతా చెప్పి వచ్చేవి. కావాలన్నవాళ్ళ కబురు అమ్మేవాడికి చేరవేసేవి. ఆ తర్వాత కోతులు సరుకు మోసుకెళ్ళి వాకిట్లో దింపేవి. అమ్మేవాడు చెట్టు దిగే పని లేదు, కొనేవాడు బొరియ దాటే పని లేదు.

ఈ ఏర్పాటంతా నక్క మద్దిలేటిది. బండ అతనిదని ఎవరూ చెప్పలేదు. మొదట దానిమీదెక్కి కూర్చున్నది అతను, అంతే. ప్రతి అమావాస్యకూ అమ్మేవాళ్ళందరూ పగటిపూటే వచ్చి, తమ సరుకులో మేలైనది ఒకటి మద్దిలేటికిచ్చి, నెలరోజులకు బండమీద చోటు కొనుక్కోవాలి. అతని నిబంధనల ఆకుమీద అడుగుముద్ర వేయాలి. ముద్ర వేస్తే చదివి ఒప్పుకున్నట్టు. చదవడం వచ్చినది చిలకలకూ నక్కకూ మాత్రమే అన్న సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఆ అమ్మేవాళ్ళలో ఒకడు సుంకన్న. గిజిగాడు. వయసు మళ్ళిన పిట్ట. చూపు కొంచెం మసకబారింది కానీ ముక్కు పనితనం తగ్గలేదు. గూడు కట్టుకోలేని వాళ్ళకు గూడు అల్లిపెట్టడం అతని పని. కాలు విరిగినవాళ్ళు, కొత్తగా కొండెక్కి వచ్చినవాళ్ళు, నెలలు నిండి కదల్లేని తల్లులు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. బండ రాకముందు సుంకన్న ప్రతి ఇంటికీ తనే ఎగిరి వెళ్ళేవాడు. ముందు కాసేపు కొమ్మమీద కూర్చుని, "ఏ చెట్టమ్మా? గాలి ఎటు నుంచి కొడుతుంది? ఎంతమంది పడుకుంటారు?" అని అడిగేవాడు. ఆ మూడూ తెలిశాకే మొదటి గడ్డిపోచ కోసేవాడు. బండ వచ్చాక ఎగిరే శ్రమ తప్పింది. ఆ మూడు ప్రశ్నలూ చిలకల చేత అడిగించి, జవాబులు తెప్పించుకునేవాడు. రెక్కలు నొప్పిపుట్టే వయసులో అదే పెద్ద సుఖం అనుకున్నాడు.

ఆ ఏడు తొలకరికి ముందొచ్చిన అమావాస్యనాడు, మద్దిలేటి బండెక్కి గొంతు సవరించుకున్నాడు.

"గౌరవనీయులైన అమ్మకందారులకు మనవి! మీ మేలు కోరి నిబంధనలు కొన్ని మార్చాం. లింగవ్వా, చదువు."

లింగవ్వ ముసలి చిలక. బండకు మొదటినుంచీ ఆమే చదువరి. ఆకు కాలితో పట్టుకుని ఒకసారి పైనుంచి కిందికి చూసుకుంది. ఆమె మెడ చుట్టూ ఉన్న ఎర్రగీత ఇంకాస్త ఎర్రబడినట్టు అనిపించింది సుంకన్నకు.

"ఒకటి. ఇకమీద సరుకులు మూడే రకాలు. తినేవి, తాగేవి, పరుచుకునేవి. రెండు. ప్రతి సరుకూ చిన్నది, నడిమిది, పెద్దది అని మూడే కొలతల్లో ఉండాలి. మూడు. బండమీద కొన్నది ఏదైనా సరే, కొన్నవారికి నచ్చకపోతే ఏడురోజుల్లోపు వెనక్కి ఇవ్వవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అమ్మినవారు కారణం అడగకూడదు, పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలి. నాలుగు. అమ్మేవారు కొనేవారితో ఏ విధంగానూ మాట్లాడరాదు. మాట్లాడినట్టు తెలిస్తే ఆకు పీకేస్తాం."

ఎలుగుబంటి పోలన్న ముందుకు జరిగాడు. తేనె అమ్ముతాడు అతను.

"మద్దిలేటి బావా, తేనె తినేదా తాగేదా?"

"నువ్వే తేల్చుకో."

"తినేది అని రాయిస్తాను."

"గిన్నెలో పోస్తే కారుతుంది కదా. తప్పు రకం కింద పెడితే ఆకు ఊడుతుంది."

"అయితే తాగేది."

"తాగేదానికి మైనం ఉండకూడదు."

పోలన్న తల గోక్కుంటూ వెనక్కి వచ్చాడు. సుంకన్న లింగవ్వ పక్కన వాలి మెల్లగా అడిగాడు. "అవ్వా, నాది వేలాడే గూడు. దాన్ని ఎవరైనా ఎట్లా పరుచుకుంటారు?"

"ఆ మాట రాయడానికి ఆకులో చోటు లేదు నాయనా."

"మరి నా మూడు ప్రశ్నలు? కనీసం నువ్వు అడిగిపెట్టవా?"

లింగవ్వ తల దించుకుంది. "అదీ మాట్లాడినట్టే లెక్కంట."

సుంకన్న ధైర్యం చేసి మద్దిలేటినే అడిగాడు. మద్దిలేటి కసురుకోలేదు. అతనికీ అతని కారణాలున్నాయి. "చూడు సుంకన్నా, పోయిన నెల ఎవరో పుచ్చిన ఉసిరికాయలు అంటగట్టారు. కొన్నవాళ్ళు వచ్చి నామీద పడ్డారు. ఇంకొకడు మాటల్లో పెట్టి చెడ్డ సరుకు కట్టబెట్టాడు. ఒక్కొక్కరినీ పట్టుకుని తగువులు తీర్చే ఓపిక నాకు లేదు. అందుకే మాటలే లేకుండా చేశాను. మాట లేకపోతే తగువే లేదు."

"తగువు లేదు సరే బావా. మరి గాలి ఎటు నుంచి వస్తుందో నాకెట్లా తెలుస్తుంది?"

"గాలి సంగతి నా పరిధిలోకి రాదు," అన్నాడు మద్దిలేటి. తర్వాతి ముద్ర కోసం ఆకు ముందుకు జరిపాడు.

సుంకన్న ముద్ర వేశాడు. పోలన్నా వేశాడు. అందరూ వేశారు. బండను నమ్ముకుని రెండేళ్ళయింది. కొండలెక్కి తిరిగే అలవాటు పోయింది. పాత కొనుగోలుదారుల ఇళ్ళు కూడా చాలామందికి గుర్తులేవు.

మర్నాడే ఒక కబురు వచ్చింది. లింగవ్వ కొమ్మమీద వాలి, ముఖం పక్కకు తిప్పుకుని చెప్పింది. "పరుచుకునేది, చిన్నది, ఒకటి. ఉడుత ఈరమ్మకు. తొందరగా కావాలంట."

ఈరమ్మను సుంకన్న ఎరుగును. పోయిన వానాకాలం గాలివానకు కొమ్మ విరిగి ఈరమ్మ ముందరికాలు మీద పడింది. గూడు నేలరాలింది. గూట్లో ముగ్గురు పిల్లలుండేవారు. వాళ్ళలో ఒక్కరు కూడా దక్కలేదు. అప్పట్నుంచి ఆమె పాతచెట్టు వదిలి ఎటో వెళ్ళిపోయిందని మాత్రమే విన్నాడు. ఇప్పుడు తొందరగా కావాలంటోందంటే మళ్ళీ కడుపుతో ఉండి ఉండాలి. ఆ విరిగిన కాలితో నార చీల్చి గూడు కట్టుకోలేదు.

"ఏ చెట్టు మీద ఉందమ్మా ఇప్పుడు?" అని అడగబోయి ఆగిపోయాడు. లింగవ్వ కళ్ళు మూసుకుంది.

రెండురోజులు కూర్చుని అల్లాడు. వరిగడ్డి లేత పోచలు చీల్చి, లోపల వాగుమట్టి మెత్తి, అంత మంచి గూడు ఈమధ్య అల్లలేదు. కానీ వాకిలి ఎటు పెట్టాలో తెలియక చాలాసేపు అల్లడం ఆపేసి కూర్చున్నాడు. చివరికి ఏదో ఒకటనుకుని పడమరకు పెట్టాడు. కోతి వచ్చి పట్టుకుపోయింది.

మూడోరోజు తొలకరి దిగింది. మామూలు వాన కాదు, పడమటి కొండమీది నుంచి తోసుకొచ్చిన గాలివాన. సుంకన్న తన గూట్లో ముడుచుకుని వింటూ కూర్చున్నాడు. ప్రతి ఈదురుగాలికీ అతనికి ఈరమ్మ గూడే గుర్తొచ్చింది. ఆమె చెట్టు పడమటి వాలులో ఉండకూడదు, ఉండకూడదు అనుకుంటూనే ఉన్నాడు.

నాలుగోరోజు పొద్దున కోతి వచ్చి గూడు అతని కొమ్మకింద పడేసింది. దానికి కట్టిన చిన్న ఆకుముక్కమీద చదువు రానివాళ్ళకూ తెలిసిన ఒకే గుర్తు ఉంది. నచ్చలేదు.

సుంకన్న కిందికి దిగి గూడు చుట్టూ తిరిగాడు. పోచలు తడిసి బరువెక్కాయి. వాకిలి దగ్గర మట్టి కొట్టుకుపోయింది. లోపలికి తల పెట్టి చూశాడు. అడుగున మెత్తగా ఏదో తగిలింది. ముక్కుతో బయటికి లాగాడు. ఉడుత బొచ్చు. తోకనుంచి తనే పీక్కున్న బొచ్చు. అడుగంతా పరిచి ఉంది.

నచ్చని గూట్లో ఎవరూ తమ తోక బొచ్చు పీకి పరచరు.

అతను ఇంకేమీ ఆలోచించలేదు. నిబంధనలూ గుర్తురాలేదు, రెక్కల నొప్పీ గుర్తురాలేదు. వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. ముక్కున ఒక నారపోగు పట్టుకుని ఎగిరాడు. చెట్టు చెట్టుకూ ఆగి, కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ వెళ్ళాడు. చివరికి పడమటి వాలులో, కొండ అంచుకు వంగి ఉన్న ఒక నల్లమద్ది తొర్రలో ఈరమ్మ దొరికింది.

ఆమె ముడుచుకుని ఉంది. తోక సగం బోసిపోయింది. ఆ తోక కిందే ఇద్దరు పిల్లలు. కళ్ళు కూడా తెరవలేదు, ఒంటిమీద బొచ్చు కూడా రాలేదు. తొర్రలోకి కూడా నీళ్ళు కారుతున్నాయి.

"చిన్నాయనా!" అంది ఈరమ్మ.

"నేనేరా తల్లీ. పిల్లలు ఎట్లా ఉన్నారు?"

"పెద్దది పాలు తాగుతోంది. చిన్నది నిన్నంతా తాగలేదు. ఇప్పుడే కొంచెం కదులుతోంది." ఆమె తలెత్తలేదు. "గూడు బాగుంది చిన్నాయనా. నీ గూడు ఎప్పుడూ బాగుంటుంది. గాలి తిన్నగా వాకిట్లోకి కొట్టింది. నీకు చెప్పి పంపుదామంటే చెప్పకూడదన్నారు. తిప్పి కట్టమని అడుగుదామంటే అదీ కుదరదన్నారు. వెనక్కి పంపితే ఇంకోటి అడగొచ్చన్నారు. నచ్చలేదని గుర్తు వేసింది నేను కాదు. కోతి వేసుకుంది."

"నాకు తెలుసు," అన్నాడు సుంకన్న.

"నీకు కోపం రాలేదా?"

"బొచ్చు చూశాక ఏం కోపం?"

అతను ఆ పగలంతా అక్కడే ఉన్నాడు. తొర్రకు పైన, కొండ చాటున్న కొమ్మ వెతికాడు. వానలో తడిసిన పోచ చీల్చడం కష్టం. అయినా చీల్చాడు. వాకిలి తూర్పుకు పెట్టాడు. ఈరమ్మ మంచికాలు ఏ వైపుదో చూసి, ఆ వైపునుంచి ఎక్కేట్టు లోపలికి చిన్న మెట్టు అల్లాడు. అలాంటి మెట్టుకు బండమీది కొలతల్లో పేరే లేదు. పొద్దువాలుతుండగా ఈరమ్మ ఒక్కొక్క పిల్లనే నోట కరుచుకుని గూట్లో చేర్చింది. చిన్నది ఆమె పొట్ట వెతుక్కుని పట్టుకుంది. గూడు లోపలినుంచి పాలు చప్పరించే చిన్న చప్పుడు వస్తోంది. సుంకన్న ఆ చప్పుడు విని విని, ఇక చాలనిపించాక ఎగిరిపోయాడు.

ఐదోరోజు అతని ఆకు బండమీద లేదు.

"కొనేవారితో మాట్లాడావు," అన్నాడు మద్దిలేటి. "కోతి చూసింది."

"మాట్లాడాను బావా. పసిబిడ్డ వానలో తడుస్తోంది."

"నేను కాదనలేదే. కానీ ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారు. ఈ నెలంతా నీకు ఆకు లేదు. చోటుకని నాకిచ్చిన గూడు వెనక్కి రాదు."

సుంకన్న వాగు ఒడ్డున కూర్చున్నాడు. పోలన్న వచ్చి పక్కన కూలబడ్డాడు. అతని తేనె ఆకును కూడా అప్పటికి మూడుసార్లు పీకేశారు, తినేది కాదని ఒకసారి, తాగేది కాదని ఒకసారి, ఎందుకో చెప్పకుండా ఒకసారి. ఆమీదట ఎవరో పట్టు మొత్తం తినేసి ఖాళీ మైనం వెనక్కి పంపారట, నచ్చలేదని.

"వదిలేసి పోదామన్నా," అన్నాడు పోలన్న. "కానీ ఎటు పోతాం? బండ లేకపోతే నా తేనె ఉన్నట్టే ఎవరికీ తెలియదు. ఇంకా మిగిలిన వాళ్ళదీ అదే ఏడుపు."

లింగవ్వ కూడా వచ్చి వాలింది. ఎవరూ పిలవలేదు. "నా నోటితో చదివాను అవన్నీ," అంది. "ఆ రోజునుంచి నోట్లోకి గింజ దిగడం లేదు."

"నువ్వేం చేస్తావవ్వా," అన్నాడు సుంకన్న. ఇంకాస్త దగ్గరికి జరిగి, "ఆ మూడో నిబంధన ఇంకోసారి చెప్తావా?" అన్నాడు.

ఆమెకు కంఠతా వచ్చు. "బండమీద కొన్నది ఏదైనా సరే, కొన్నవారికి నచ్చకపోతే ఏడురోజుల్లోపు వెనక్కి ఇవ్వవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. అమ్మినవారు కారణం అడగకూడదు, పుచ్చుకున్నది తిరిగి ఇచ్చేయాలి."

"ఏదైనా సరే అని ఉందా?"

"ఏదైనా సరే అనే ఉంది."

"అయితే పోలన్నా, బండమీద మనం ఏం కొన్నాం?"

"మనమా? మనం అమ్ముకునేవాళ్ళం, మనం కొనేదేముంది?"

"ప్రతి అమావాస్యకూ మేలైన తేనెపట్టు ఒకటి ఎవరికిస్తున్నావు? దేనికిస్తున్నావు?"

"మద్దిలేటికి. చోటు కోసం." పోలన్న అక్కడ ఆగాడు. అతని ముఖంలో ఆ మాట నెమ్మదిగా పైనుంచి కిందికి దిగింది. "చోటు కొన్నాం!" అని లేచి నిలబడ్డాడు. "సుంకన్నా, మనం చోటు కొన్నాం! అమావాస్య పోయి ఎన్నాళ్ళు?"

"ఐదురోజులు."

లింగవ్వ రెక్కలు విప్పింది. ఆ అమావాస్య తర్వాత మొదటిసారి ఆమె గొంతులో పాత హుషారు వినిపించింది. "అందరికీ నేను చెప్పొస్తాను. ఇది నిబంధన చదవడమే కదా. చదవడం నా ఉద్యోగం."

ఆరోరోజు పొద్దున్నే మద్దిలేటి బండ దగ్గరికి వచ్చేసరికి బండ నున్నగా ఉంది. ఒక్క ఆకు లేదు. ఊడదీసిన ఆకులన్నీ కింద చక్కగా పేర్చి ఉన్నాయి. ప్రతి ఆకుమీదా ఒకే గుర్తు. నచ్చలేదు.

మొదట నవ్వాడు. తర్వాత ఆకులు తిరగేసి చూశాడు. తర్వాత పరుగెత్తాడు. పోలన్న గుహ ముందు నిలబడి, "ఏమైంది? ఎందుకు తీసేశారు?" అన్నాడు. పోలన్న పంజా నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. అమ్మినవాడు కారణం అడగకూడదు. అడిగినా కొన్నవాడు చెప్పనక్కర్లేదు. మద్దిలేటి కుందేలు దగ్గరికి పోయాడు. కుందేలూ అంతే. ముళ్ళపంది దగ్గరికి పోతే ముళ్ళు మాత్రం చూపించి లోపలికి పోయింది. ఆ ఉదయమంతా అడవిలో ఎవరూ మద్దిలేటితో ఒక్క మాట మాట్లాడలేదు. తిట్టినవాళ్ళు కూడా లేరు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఆపైన పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి. గూడు ఉంది, ఇచ్చేశాడు. దుంపలు కొన్ని మిగిలాయి, ఇచ్చేశాడు. తేనె మాత్రం అమావాస్యనాడే తినేశాడు. చేసేదిలేక తనే కొండ చరియకెక్కి తేనెపట్టు కోయబోయాడు. తేనెటీగలకు నిబంధనలు చదివి వినిపించడానికి అక్కడ చిలక కూడా లేదు.

మధ్యాహ్నానికి మూతి రెండింతలై, ఒక కన్ను మూసుకుపోయి, నల్లమద్ది కిందికి వచ్చి కూలబడ్డాడు. పైన సుంకన్న ఈరమ్మ గూటికి మట్టి మెత్తుతున్నాడు.

"సుంకన్నా," అన్నాడు మద్దిలేటి. మూతి వాచి మాట సరిగ్గా రావడం లేదు. "నువ్వైనా ఒక్క మాట మాట్లాడు. ఏం తప్పు జరిగిందో చెప్పు, సరిచేసుకుంటాను. పొద్దున్నుంచి ఎవరూ చెప్పడం లేదు. ఊపిరాడటం లేదయ్యా."

సుంకన్న మట్టిముద్ద ముక్కునే పట్టుకుని కిందికి చూశాడు. నవ్వొచ్చింది. కానీ ఆ ఒంటికన్నుతో పైకి చూస్తున్న ముఖం చూశాక నవ్వు పోయింది. మట్టి వదిలేసి కింది కొమ్మకు దిగాడు.

"మాకూ అట్లాగే ఉండింది బావా," అన్నాడు.

పైన గూట్లోంచి ఈరమ్మ తొంగి చూసి, అంతలోనే లోపలికి పోయి, నోట ఏదో పచ్చటి పసరాకు కరుచుకొచ్చి కిందికి జారవిడిచింది. "కంటికి పెట్టుకోమను చిన్నాయనా. మంట తగ్గుతుంది."

మద్దిలేటి ఆ ఆకు తీసుకుని చాలాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాడు. ఎవరో తనకు కారణం అడగకుండా, కొలత చూడకుండా ఇచ్చిన మొదటి వస్తువు అది. తేనెటీగల కాటు మంటో, మరేదో, అతని కంట నీళ్ళు కారాయి.

మర్నాడు బండ దగ్గర అందరూ చేరారు. మద్దిలేటి బండ ఎక్కలేదు, కిందే నిలబడ్డాడు. రెండో నిబంధనా నాలుగో నిబంధనా చింపి వాగులో వేశాడు. మూడు రకాల ముచ్చటా ఎత్తేశాడు. నచ్చనిది వెనక్కివ్వడం ఉంటుంది, కానీ ఎందుకు నచ్చలేదో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవాలన్నాడు. చెడ్డ సరుకు అంటగట్టినవాడి సంగతి అందరూ కలిసి తేల్చాలన్నాడు. ప్రతి వాక్యం చివరా ఆగి, వాచిన మూతితో, "ఇది మీకు కుదురుతుందా?" అని అడిగాడు. ఎవరైనా కాదంటే లింగవ్వ అక్కడ గీత కొట్టింది. పోలన్న తేనెకు ఏ రకమని ఎవరూ అడగలేదు. సాయంత్రమయ్యేసరికి కొందరు ఆకులంటించారు, కొందరు ఇక కాళ్ళమీదే తిరుగుతామని వెళ్ళిపోయారు. మద్దిలేటి ఎవరినీ ఆపలేదు.

అమ్మేవాళ్ళ నోళ్ళు మూయించి సంత నడపాలనుకున్నవాడికి, ఆపదలో ఒక్క మాట పలికే దిక్కు కూడా మిగలదు.